మన దగ్గు మళ్లీ మన దగ్గరికే

2009 మే 13న శంషాబాద్ విమానాశ్రయంలో ఒక యువకుడు దిగాడు. వయసు 23. న్యూయార్క్‌లో బయల్దేరి దుబాయ్ మీదుగా వచ్చాడు. ఒంట్లో జ్వరం. నమూనాలు పరీక్షించి మే 16న ఖాయం చేశారు: కొత్త హెచ్1ఎన్1 ఫ్లూ మన దేశంలో మొట్టమొదట బయటపడింది హైదరాబాద్‌లోనే. అంటే వైరస్ మన ఊరికి టికెట్టు కొనుక్కుని విమానంలో వచ్చింది. జనం మాత్రం మోరీల పక్కన తిరిగే నాటు పందుల వంక అనుమానంగా చూశారు.

చిక్కంతా పేరులో ఉంది. స్వైన్ అంటే పంది. కాబట్టి స్వైన్ ఫ్లూ అంటే పందుల నుంచి అంటుకునే జబ్బని మామూలు మనిషి అనుకుంటే తప్పేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది ఏప్రిల్ 30 నాటికే ఆ పేరు వాడటం మానేసింది. అప్పటికే అది జనం నోళ్లలో నానిపోయింది, ఇవాళ్టికీ పోలేదు. చలికాలంలో నాలుగు కేసులు రాగానే బస్తీలో మొదట వినిపించే మాట "పందుల్ని ఊరవతలికి తోలెయ్యండి" అనే. ఆ వైరస్ మనిషి నుంచి మనిషికే పాకుతోంది. బాగా ఉడికిన పంది మాంసం తింటే రాదు. నాటు పందులన్నిటినీ తరిమేసినా, పక్క సీటులో దగ్గే మనిషి ఉండనే ఉంటాడు.

మరి పందికి ఈ కథలో చోటే లేదా? ఉంది, పెద్ద చోటే ఉంది. మనం అనుకునే చోట లేదు, అంతే. అదెక్కడో చూడాలంటే సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని ఉత్తరానికి పోవాలి.

హకీంపేట, తూంకుంట దాటితే శామీర్‌పేట చెరువు. చలికాలం నీళ్ల మీద బాతులు కనిపిస్తాయి. చెరువు దాటాక ఊళ్ల పక్కన పొడుగాటి రేకుల షెడ్లు, అవి కోళ్ల ఫారాలు. అటు మేడ్చల్ వైపూ అంతే. ఇంకాస్త ముందుకు తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ, టీకాల కంపెనీల అద్దాల భవనాలు. ఇటు తూర్పున జవహర్‌నగర్ డంపింగ్ యార్డు. మహానగరం తిని పారేసిందంతా చేరే చోటు. ఈ అన్నిటి సందుల్లో, ఊరి చివర, ఎవరికీ వాసన తగలనంత దూరంలో పందుల దొడ్లు. తరతరాలుగా పందులు పెంచుకుని బతికే ఎరుకల కుటుంబాలవి కొన్ని. షెడ్లు వేసి తెల్ల సీమపందుల్ని పెంచే కొత్తవాళ్లవి కొన్ని. పొద్దున్నే నగరంలోని హోటళ్ల నుంచి ట్రాలీ ఆటోల్లో నీలం డ్రములు వస్తాయి. నిన్న రాత్రి మనం ప్లేట్లో వదిలేసిన బిర్యానీ ఇవాళ పొద్దున పందికి మేత.

నీటి బాతులు, కోళ్లు, పందులు, మనుషులు. ఫ్లూ వైరస్ తిరిగే నాలుగిళ్లూ ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్నాయి. ఆ వైరస్‌ను పట్టుకుని చదవగల ప్రయోగశాలలూ ఇక్కడే ఉన్నాయి. ఇన్ని ఒక్కచోట కుదిరిన ఊళ్లు దేశంలో ఎన్నో ఉండవు.

ఇక వైరస్ సంగతి. తాళపత్ర గ్రంథం ఊహించుకోండి. ఎనిమిది ఆకుల కట్ట. మొత్తం కలిపి పదమూడున్నర వేల అక్షరాలు, అంటే ఓ శతకం కన్నా పెద్దది. ఫ్లూ వైరస్ సమస్త జ్ఞానమూ ఆ ఎనిమిది ఆకుల్లోనే ఉంది. నాలుగో ఆకులో రాసిందాన్ని బట్టి తయారయ్యే ముల్లుతో అది మన కణాన్ని పట్టుకుంటుంది. దాని పేరులోని 'హెచ్' అదే. ఆరో ఆకు బట్టి తయారయ్యేది పని ముగిశాక కణం నుంచి తెంచుకుని బయటపడే కత్తెర. అది 'ఎన్'. హెచ్1ఎన్1 అంటే మొదటి రకం ముల్లు, మొదటి రకం కత్తెర అని.

పాతకాలంలో గ్రంథం నకలు తీసే లేఖకుడు నిద్రమత్తులో ఒక అక్షరం మార్చి రాసేవాడు. ఆ ప్రతిని చూసి రాసుకున్నవాడు ఆ తప్పును అలాగే ఎక్కించి, తన వంతుగా ఇంకోటి కలిపేవాడు. బ్రౌను దొర వేమన పద్యాల కోసం ఎక్కడెక్కడి ప్రతులో తెప్పించి, పండితుల్ని కూర్చోబెట్టి పోల్పించింది ఈ గందరగోళం తేల్చడానికే. ఇలా పోల్చేటప్పుడు తప్పులే దారి చూపిస్తాయి. మూడు ప్రతుల్లో ఒకే చోట ఒకే తప్పుంటే ఆ మూడూ ఒక తల్లి ప్రతికి పుట్టినవే. వైరస్ శాస్త్రవేత్తలు చేసేదీ ఇదే. ఫ్లూ వైరస్‌కు తన నకలు తప్పుల్ని దిద్దుకునే యంత్రాంగం లేదు. తప్పులు పడుతూనే ఉంటాయి, కాస్త ఇటూ అటూగా ఒకే వేగంతో పడతాయి. కాబట్టి రెండు వైరస్‌ల మధ్య ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కపెడితే, అవి ఎన్నేళ్ల కిందట విడిపోయాయో అంచనా కట్టవచ్చు.

ఫ్లూ దగ్గర దీనికి తోడు ఇంకో అల్లరి ఉంది. రెండు వేర్వేరు ఫ్లూ వైరస్‌లు ఒకే కణంలో దూరితే రెండు కట్టల తాళ్లూ ఊడిపోయి ఆకులు కలిసిపోతాయి. మళ్లీ కట్టలు కట్టేటప్పుడు ఇందులోవి అందులో, అందులోవి ఇందులో చేరతాయి. ఎనిమిది ఆకులు, ఒక్కొక్కటీ రెండిట్లో దేన్నుంచైనా రావచ్చు కాబట్టి 256 రకాల కట్టలకు వీలుంది. ఎక్కువ భాగం పనికిరావు. ఎప్పుడో ఒకటి పనికొస్తుంది, మనకు చేటు తెస్తుంది. పక్షుల ఫ్లూ పట్టుకునే పిడి, మనుషుల ఫ్లూ పట్టుకునే పిడి రెండూ పంది శ్వాసనాళంలో ఉంటాయి కనుక ఈ కలబోతకు పంది ఒళ్లు అనుకూలమని చాలాకాలంగా చెబుతున్నారు. ఆ మాటకొస్తే ఆ రెండు పిడులూ మనిషి ఊపిరితిత్తుల్లోనూ ఉన్నాయి. పంది ఒక్కదాన్నే వేలెత్తి చూపడం నాకైతే న్యాయంగా తోచదు.

2009 వైరస్ కట్ట విప్పి చూస్తే ఏముంది? ఒక ఆకు మనుషుల హెచ్3ఎన్2 నుంచి వచ్చింది. రెండు ఉత్తర అమెరికా పక్షులవి. మూడు అమెరికా పందుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న పాత వైరస్‌వి. ఈ ఆరూ 1998 ప్రాంతంలోనే ఒక కట్టగా అక్కడి పందుల్లో కనిపించాయి. మిగిలిన రెండూ ఐరోపా, ఆసియా పందుల్లో తిరిగే ఇంకో వంశానివి. సముద్రం అవతలి రెండు ఆకులు ఈ ఆరింటితో ఎక్కడ కలిశాయి? ఆ ఏడాదే వెలువడిన విశ్లేషణ అక్షరాల తేడాలు లెక్కేసి, దీనికి దగ్గరి బంధువులనదగ్గ పంది వైరస్‌లు దీన్నుంచి సుమారు 9 నుంచి 17 ఏళ్ల కిందటే విడిపోయాయని తేల్చింది. అంటే అంతకాలం ఈ వంశం ఏదో దేశంలో పందుల ముక్కుల్లో తిరుగుతూనే ఉంది, దాని ముందు తరాల్ని ఒక్కసారైనా ఎవరూ పట్టి చదవలేదు. 2016లో మెక్సికో పందుల నమూనాలు చదివాక, అది పుట్టింది మధ్య పశ్చిమ మెక్సికో పందుల్లో అని తేలింది. అంతర్ధానమైన ఆ ఏళ్లే పందుల మీద నిఘా ఎందుకని అడిగేవాళ్లకు జవాబు.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఆ మూడు ఆకుల కథ. అమెరికా పందుల పాత వైరస్ అన్నాం కదా, అది 1918 నాటిది. మనుషుల్ని కోట్ల సంఖ్యలో పొట్టనబెట్టుకున్న ఆ ఏడాదే అయోవా రాష్ట్రంలో పందులూ దగ్గడం మొదలెట్టాయి. జె.ఎస్. కోయెన్ అనే పశువైద్యుడు రెండూ ఒకే జబ్బని అంటే పందుల వ్యాపారులు మండిపడ్డారు. రిచర్డ్ షోప్ అనే శాస్త్రవేత్త పందుల నుంచి ఆ వైరస్‌ను వేరు చేసి 1931లో ప్రకటించాడు. మనుషుల ఫ్లూ వైరస్ దొరికింది ఆ తర్వాత, 1933లో. మనుషుల్లో ఆ వైరస్ ఏటా రూపు మార్చుకుంటూ పోయింది. మన ఒళ్లు దాన్ని గుర్తుపట్టి తరుముతుంటే అది వేషం మార్చక తప్పదు. పందుల సంగతి వేరు. ఆడపంది ఏడాదికి రెండు ఈతలు ఈనుతుంది, ఈతకు ఎనిమిదో పదో పిల్లలు. తల్లిపాలతో వచ్చిన రక్షణ కొన్ని వారాల్లో కరిగిపోతుంది. ఏడాది తిరక్కుండానే కబేళాకు పోతాయి. కాబట్టి దొడ్లో ఎప్పుడు చూసినా ఫ్లూ ముఖం ఎరగని పిల్లలే ఎక్కువ. వాటి మధ్య వైరస్‌కు వేషం మార్చే అవసరం అంతగా ఉండదు. అమ్మమ్మ సందూకలో పాత పట్టుచీర మడత నలగకుండా ఉన్నట్టు, మనుషులు ఎప్పుడో మరిచిపోయిన ముల్లు పందుల్లో దాదాపు అలాగే ఉండిపోయింది.

2009లో అది సందూక నుంచి బయటికొచ్చింది. అరవై దాటిన చాలామందికి ఒంట్లో ఎక్కడో పాత గుర్తు ఉంది, వాళ్లకు అంతగా సోకలేదు. పిల్లలకు, పడుచువాళ్లకు అది కొత్త. మామూలు ఫ్లూ ముసలివాళ్లను తీసుకుపోతుంది, ఇది వయసువాళ్లను ఎందుకు తీసుకుపోతోందని ఆ రోజుల్లో డాక్టర్లు ఆశ్చర్యపోయారు. మన దేశంలో తొలి మరణం పుణెలో, 14 ఏళ్ల అమ్మాయిది. 2012లో అమెరికా పశువుల సంతల్లో 300 మందికి పైగా పందుల నుంచి హెచ్3ఎన్2 సోకింది. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. ఆ వైరస్ ముల్లు 1990ల నడుమ మనుషుల్లో తిరిగినది. పెద్దలు దాన్ని ఎరుగుదురు, ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఎరగరు.

ఈ దారి రెండు వైపులా నడుస్తుందని గమనించారా? మనిషి నుంచి పందికి పోయే రద్దీయే ఎక్కువ. 2009 వైరస్ మనుషుల్లో బయటపడిన కొద్ది రోజులకే కెనడాలోని అల్బెర్టాలో ఒక పందుల ఫారంలో కనిపించింది. బరేలీలోని భారత పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఉత్తరప్రదేశ్ పందుల్లో 2009లో దొరికిన వైరస్‌ను చదివితే, అది మనుషుల్లో తిరుగుతున్న మహమ్మారి వైరస్‌కు దగ్గరి చుట్టమని తేలింది. 2009, 2011 మధ్య ప్రపంచవ్యాప్తంగా మనుషుల నుంచి పందులకు కనీసం 49 సార్లు ఈ వైరస్ దూకిందని ఒక విశ్లేషణ లెక్కతేల్చింది. ఒక్క అమెరికాలోనే 2009 నుంచి 2021 దాకా చూసుకుంటే ఆ లెక్క 370 దగ్గరికి చేరింది. పందుల్ని చూసి మనం ముక్కు మూసుకుంటాం. అసలు మనల్ని చూసి ముక్కు మూసుకోవాల్సింది అవే.

సరే, మేడ్చల్ దగ్గరి ఒక దొడ్లో నిఘా పెట్టాలంటే ఏం చేయాలి? మొదటి అడ్డంకి: ఫ్లూ వచ్చిన పంది సాధారణంగా చావదు. రెండు రోజులు మేత ముట్టదు, మూలన గుంపులో పడుకుంటుంది, కుక్క మొరిగినట్టు దగ్గుతుంది, ముట్టె నుంచి నీళ్లు కారతాయి. వారం తిరిగేసరికి లేచి తిరుగుతుంది. పెంపకందారుల్ని అడిగితే సర్ది అయింది, నాలుగు దినాలల్ల తగ్గుతది అంటారు. తగ్గుతుంది కూడా. చంపని జబ్బు కోసం ఎవరు పశువుల దవాఖానకు పోతారు? గాలికుంటుకు 2019 నుంచి దేశమంతటా టీకాల కార్యక్రమం ఉంది, అందులో పందులూ ఉన్నాయి. పంది ఫ్లూకు అలాంటిదేమీ లేదు. అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ తప్పనిసరిగా తెలపాలన్న జబ్బుల పట్టికలోనూ అది లేదు.

రెండోది, పేర్ల గందరగోళం. 2020లో అస్సాంలో మొదలై ఎన్నో రాష్ట్రాలకు పాకిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వేరు. అది మందకు మందనే ఊడ్చేస్తుంది కానీ మనుషులకు రాదు. మెదడువాపు వేరు, అది దోమల పని. పంది ఫ్లూ వేరు. వార్తల్లో ఈ మూడూ కలగాపులగమై, పంది దగ్గిందని చెబితే మందనంతా చంపేస్తారేమోనన్న భయం పెంపకందారుకు పుడుతుంది. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 2009 ఏప్రిల్‌లో ఈజిప్టు ప్రభుత్వం, దేశంలో ఒక్క కేసూ లేకుండానే, సుమారు మూడు లక్షల పందుల్ని చంపించింది. కైరోలో ఇంటింటి చెత్త ఎత్తి, అందులోని తిండిని పందులకు మేపే జబ్బలీన్ కుటుంబాలు కూలిపోయాయి. తర్వాతి నెలల్లో కైరో వీధుల్లో చెత్త కుప్పలు పేరుకున్నాయి. ఫ్లూ మాత్రం ఆగలేదు. మన నీలం డ్రముల వాళ్లకు ఈజిప్టు కథ తెలియకపోవచ్చు, దాని సారం బాగానే తెలుసు.

అమెరికా వ్యవసాయ శాఖ పందుల ఫ్లూ నిఘా మొదలుపెట్టినప్పుడు రైతులు వెనకాడారు. దాంతో ఫారం పేరు, ఊరి పేరు లేకుండానే పశువైద్యుల ద్వారా నమూనాలు తీసుకునే ఏర్పాటు చేశారు. రాష్ట్రం పేరుంటే చాలు. వైరస్ వంశవృక్షం గీయడానికి యజమాని పేరుతో పనిలేదు. మన దగ్గరా ఇది కుదరనిదేమీ కాదు.

నమూనా తీయడం మీరనుకున్నంత కష్టం కాదు. పందిని పట్టి, ముట్టె ఎత్తి, ముక్కులోకి స్వాబ్ దూర్చడం ఒక పద్ధతి. పంది అరుపు ఊరంతా వినిపిస్తుంది, ఇద్దరు మనుషులు కావాలి. షెడ్డులో ఉన్నవాటికి హాయైన పద్ధతి ఇంకోటుంది. లావుపాటి నూలు తాడును వాటి భుజాల ఎత్తులో కట్టి వేలాడదీస్తారు. పందికి కొత్త వస్తువు కనబడితే నమలకుండా ఉండలేదు. ఒకటొచ్చి వాసన చూస్తుంది, కొరుకుతుంది. దాన్ని చూసి మిగతావీ వస్తాయి. ఇరవై ముప్ఫై నిమిషాల్లో తాడు కింది కొస పీచు పీచై లాలాజలంతో తడిసి ముద్దవుతుంది. ఆ కొసను పాలిథిన్ సంచిలో పెట్టి పిండితే మూలన రెండు మూడు చెంచాల బురద రంగు నీళ్లు చేరతాయి. సంచి మూల కత్తిరించి ట్యూబులోకి ఒంపితే ఆ గదిలోని పందులన్నిటి నమూనా ఒక్కసారే వచ్చినట్టు. మందులేదు, సూదిలేదు, అరుపులేదు. ఊరి మధ్య విడిగా తిరిగే నాటు పందులకు మాత్రం ఇది పనికిరాదు, వాటికి స్వాబే.

ట్యూబు ఐస్ డబ్బాలోకి పోవాలి. ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే వైరస్ చెడిపోతుంది. ప్రయోగశాలలో మొదట వెతికేది ఏడో ఆకు కోసం. 'ఎ' రకం ఫ్లూ వైరస్ ఏదైనా ఆ ఆకు పెద్దగా మారదు. అది దొరికాకనే నాలుగో ఆకు, ఆరో ఆకు చూసి రకం తేలుస్తారు, ఆపైన ఎనిమిదీ చదువుతారు. పక్షి వైరస్ అన్న అనుమానం వస్తే భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థదే ఆఖరి మాట. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో కోళ్లకు హెచ్5ఎన్1 వచ్చింది. శామీర్‌పేట చుట్టూ కోళ్లకూ పందులకూ మధ్య ఒక గోడో రోడ్డో అడ్డం, అంతే. 2024 అక్టోబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక పెరటి ఫారంలో కోళ్లూ పందులూ ఒకే నీళ్లు తాగి, రెండు పందులకు హెచ్5ఎన్1 సోకింది. అక్కడ పట్టుకున్నారు, ఎందుకంటే వెతికారు.

చదివిన వైరస్‌కు పేరు పెట్టడం సరదాగా ఉంటుంది. షోప్ పందుల నుంచి వేరు చేసిన వైరస్ పేరు ఎ/స్వైన్/అయోవా/15/1930. రకం, జంతువు, చోటు, నమూనా సంఖ్య, ఏడాది. జంతువు పేరు లేదంటే మనిషిదని అర్థం. ఎ/కాలిఫోర్నియా/07/2009 అలాంటిది. ఆ ఒక్క వైరస్ మీద ఏళ్ల తరబడి ప్రపంచం టీకాలు చేసుకుంది. జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ కూడా 2010లో హెచ్1ఎన్1కు టీకా తెచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో, రాబోయే కాలానికి ఏ వైరస్‌తో టీకా చేయాలో చెబుతుంది. ఆ సమావేశాల్లోనే పందుల నుంచి మనుషులకు దూకిన వైరస్‌ల చిట్టా కూడా చూస్తారు. ఏది కొత్తగా కనిపిస్తే దానికి టీకా విత్తనం ముందే సిద్ధం చేయిస్తారు. ఎవరూ నమూనా తీయని పంది ఆ చిట్టాకెక్కదు. తుర్కపల్లి టీకా ఫ్యాక్టరీకి, దానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని దొడ్డికి మధ్య రాకపోకలు జరగాలంటే దారి జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ మీదుగా పోవాలన్నమాట.

పందుల్ని ఊరవతలికి తోలెయ్యాలన్న డిమాండ్ గురించి ఒక్కమాట. నాలుగు బస్తీల పందుల్ని పట్టి ఒక్కచోట వదిలితే ఏమవుతుంది? నాలుగు మందల వైరస్‌లు ఒక్క దొడ్లో కలుస్తాయి. అమెరికా పందుల్లో ఫ్లూ ఎటు పాకుతుందో గీసి చూస్తే, ఆ గీతలు లారీల్లో పందులు ప్రయాణించే దారుల వెంటే పోయాయి. పందుల్ని కదిలిస్తే వాటితోపాటు వైరస్‌నూ కదిలించినట్టే.

పెంపకందారుకు చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. తనకో ఇంట్లోవాళ్లకో జ్వరం, దగ్గు ఉంటే మేత వేసే పని వేరేవాళ్లకు అప్పగించడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, కోళ్లనూ పందులనూ వేరుగా ఉంచడం, ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం. నమూనా తీయడానికి ఐస్ డబ్బాతో పోయినవాళ్లు కాగితం మీద ఏం రాసుకున్నా, పందులు ఎన్ని, ఎన్ని దగ్గుతున్నాయి అని తర్వాత అడగవచ్చు. మొదటి ప్రశ్న ఆ ఇంటి మనుషుల గురించే ఉండాలి: పోయిన వారం మీ ఇంట్లో ఎవరికైనా సర్ది అయిందా?